స్వర్ణక్క ఎత్తు

స్వర్ణక్క చెయ్యి విరిగిన రోజున నేను ముందు చూసింది ఆమె చేతిని కాదు, పగిలిన సీసాల్ని. ఈ సంగతి మొదటే ఒప్పుకోకపోతే మిగతాది రాయడానికి నాకు మొహం చెల్లదు.

అది 2015 ఫిబ్రవరి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో నేను పరిశోధక విద్యార్థిని. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల పుర్రె నుంచి ఎముకను కట్టే కణాల్ని విడదీసి, గాజు పళ్ళేల్లో పెంచడం నా పని. సగం పళ్ళేలకు ఈస్ట్రోజెన్ హార్మోన్ కలిపిన ద్రవం పోస్తాను. మిగతా సగానికి అది లేని ద్రవం పోస్తాను. మూడు రోజులకోసారి పాతది తీసి కొత్తది పోయాలి. మూడు వారాలయ్యాక ఒక రకం రంగు వేస్తే, కణాలు ఎక్కడెక్కడ సున్నం పేర్చి ఎముక కట్టాయో అక్కడ ఎర్రగా తేలుతుంది. హార్మోన్ అందిన పళ్ళెం కుంకుమ చల్లినట్టు ఉంటుంది. అందనిది వెలవెలబోతూ ఉంటుంది. ఎందుకలా, ఎంత మోతాదుకి ఎంత తేడా అన్నదే నా చదువంతా.

అంతకు నాలుగు నెలల ముందు హుద్‌హుద్ తుఫాను వచ్చి, రోజుల తరబడి కరెంటు లేక, నా కణాలన్నీ చచ్చిపోయాయి. ఏడాదిన్నర పని ఒక్క వారంలో పోయింది. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టి అప్పుడప్పుడే తేరుకుంటున్నాను. అలాంటప్పుడు పక్క గదిలో భళ్ళున చప్పుడయింది. పరిగెత్తాను. నెలకు సరిపడా వడగట్టి పెట్టుకున్న ద్రవం నేల మీద పారుతోంది.

"స్వర్ణక్కా, కళ్ళెక్కడ పెట్టుకున్నావు? నా పనంతా నేలపాలు చేశావు" అన్నాను.

ఆమె నేల మీద కూర్చుని ఎడం చేత్తో గాజు పెంకులు ఏరుతోంది. "తప్పయిపోనాది రేఖమ్మా. సెయ్యి పట్టు ఒగ్గీసినాది" అంది. అప్పుడు చూశాను ఆమె కుడి మణికట్టును. అది ఉండాల్సిన తీరులో లేదు. ఆమె జారిపడలేదు, ఎవరూ తోయలేదు. సీసాల ట్రేను అరలో పెట్టబోతూ మణికట్టు కాస్త తిప్పింది, అంతే. అంతమాత్రానికే విరిగింది.

స్వర్ణక్క మా ల్యాబులో గాజుసామాను కడిగే మనిషి. ఆ పని తేలికనుకుంటారు గానీ, మా కణాలకు సబ్బు జాడ తగిలితే చాలు, తెల్లారేసరికి చచ్చి తేలిపోతాయి. ఒక్కో సీసాను ఏడుసార్లు కుళాయి నీళ్ళతో, మూడుసార్లు ఆవిరి పట్టి చల్లార్చిన బట్టీ నీళ్ళతో తొలవాలి. అంకెలు లెక్కపెట్టడం ఆమెకు నచ్చదు. చర్చిలో పాడే కీర్తన ఎత్తుకుని చరణానికో సీసా చొప్పున తొలిచేది. పాట సగంలో ఆగితే ఆ సీసా మళ్ళీ మొదటికే. ఆమె కడిగిన పళ్ళెంలో సబ్బు వల్ల నా కణాలు ఏనాడూ చావలేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఈ మాట ఆమెతో అనలేదు నేను.

ఆమెది భావనపాడు. బాప్టిస్టు కుటుంబం. పద్దెనిమిదేళ్ళకి తాపీమేస్త్రి ఇమ్మానుయేలుతో పెళ్ళయింది. మొదట్లో పలాస దగ్గర ఉండేవాళ్ళు. మొగుడు గోడలు కడుతుంటే ఆమె జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. జీడి చమురు తగిలి వేళ్ళ కొసలు నల్లబడి, రేఖలు అరిగిపోయాయి. అందుకే తర్వాతెప్పుడో మా ల్యాబుకి వేలిముద్రల హాజరు మిషను వచ్చినప్పుడు అది ఆమెను మనిషిగా గుర్తించనంది. "నా సేతి ఏళ్ళు పలాసలో ఒగ్గీసి వచ్చినాను బాబూ" అని ఆఫీసు గుమాస్తాని నవ్వించి సంతకంతో గట్టెక్కింది.

ఆ పలాస రోజుల్లోనే ఆమెకు ఆపరేషన్ అయింది. 1998లో, ఇరవయ్యారేళ్ళ వయసులో. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గొంతుక్కూర్చుని పిక్కలు కొట్టే పని. దొడ్డికెళ్ళే సదుపాయం లేదు. నెలసరి మూడు రోజులూ నరకమే. నడుం నొప్పి, తెల్లబట్ట. ఒక నర్సింగుహోములో చూపించుకుంటే, పిల్లలు పుట్టేశారు కదా, ఇంక ఈ గర్భసంచితో పనేముంది, ఉంచితే కేన్సరవుతుంది అన్నారట. ఆ వీధిలో ఆడవాళ్ళకి ఆ మాట చాలు. ఏడుగురు కలిసి ఒకే ఆటోలో వెళ్ళారు. వాళ్ళని కూడగట్టింది స్వర్ణక్కే. ఆ సంగతి ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది, గొప్పగానే చెప్పింది.

"నెల తిరిగీసరికి లేసి పనికెల్లిపోనాను రేఖమ్మా. అప్పట్నించి ఆ బాధే నేదు. ఎవుర్తి నడుంనొప్పంటే ఆల్లకి అదే సెప్తాను. సంచి తీయించీసుకో, సుకపడతావు" అనేది.

నేను వినేదాన్ని. ఒక చేత్తో హార్మోన్ చుక్కలు కొలుస్తూ, ఇంకో పక్క ఆ మాటలు వింటూ, ఊఁ కొట్టేదాన్ని. ఆమె పై అర అందక స్టూలు అడిగితే, నిరుడంతా అందింది కదా, ఇప్పుడేమైంది, బద్ధకమా అన్నాను. నన్ను నేను చదువుకున్న మొద్దు అని తిట్టుకునేది అందుకే.

శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, చీటీ మీద వయసు చూసి, మళ్ళీ ఎక్స్‌రే చూశాడు. "నలభై మూడా? సరిగ్గా చెప్పమ్మా, అరవై దాటలేదూ?" అన్నాడు. స్వర్ణక్క నవ్వింది. డాక్టరు నవ్వలేదు. వెన్నుకి కూడా ఎక్స్‌రే తీయించాడు. రెండు పూసలు నలిగి, ముందువైపు చితికి ఉన్నాయి. ఎప్పుడు చితికాయో ఆమెకే తెలియదు. నడుం నొప్పి వస్తే పచ్చడి బండ ఎత్తినందుకు అనుకుందట.

"నెలసరి ఎప్పుడు ఆగింది?" అని డాక్టరు అడిగాడు.

"ఆగడమేటి బాబూ, ఇరవయ్యారేళ్ళకే సంచి తీసీసినారు కదా."

"సంచి ఒక్కటేనా? అండాశయాలు కూడానా?"

ఆమె నా వైపు చూసింది. ఆ ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది. 

ఆపరేషన్ కాగితం ఉందా అని నేను అడిగితే, ఇంట్లో బైబిల్లో ఉందంది. కట్టు వేయించుకుని వాళ్ళింటికి వెళ్ళాం. అది ఇమ్మానుయేలు మేస్త్రి తన చేతులతో కట్టిన రెండు గదుల ఇల్లు. గడప దాటుతుంటే ద్వారబంధం మీద పెన్సిలు గీతలు కనిపించాయి. కూతురు పద్మజ ఎదుగుతున్నప్పుడు ఏటా క్రిస్మస్‌కి మేస్త్రి గోడల మట్టం చూసే రసమట్టం పెట్టి గీసిన గీతలవి. అన్నిటికంటే పైనున్న గీత 2011ది, పద్మజ పెళ్ళినాటిది. ఆ పొద్దున తల్లినీ కూతుర్నీ పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరి నెత్తి మీదా రసమట్టం పెడితే నీటి బుడగ నడిమధ్య నిలిచిందట. అందుకని ఇద్దరికీ ఒకే గీత గీశాడు. ఆ గీతంటే మేస్త్రికి మహా మురిపెం.

పదిహేడేళ్ళుగా ఆ కాగితం బైబిల్లో కీర్తనల గ్రంథం పేజీల మధ్య ఉంది. మడతలు చిరిగిపోయాయి. ఆపరేషనయ్యాక పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారట, అందుకని దాచుకుంది. చదివించుకోలేదు. దాచుకోవడమే చాలనుకుంది. ఇంగ్లీషులో గొలుసుకట్టు రాత. గర్భసంచితో పాటు రెండు వైపులా అండాశయాలు తీసేశామని ఒకే ఒక్క వరుసలో ఉంది. ఎందుకు తీశారో లేదు.

చెప్పనా, మాననా?  చివరికి చెప్పాను.

"స్వర్ణక్కా, సంచికి ఇటూ అటూ రెండు చిన్న గింజల్లాంటివి ఉంటాయి. ఆడదాని ఒంట్లోకి ఈస్ట్రోజెన్ అనేది ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. మన ల్యాబులో నేను పళ్ళేల్లో పోసేది అదే. మన ఎముక రాయిలా ఊరికే పడి ఉండదు. లోపల రోజూ కూల్చే కణాలు కూలుస్తుంటాయి, కట్టే కణాలు కడుతుంటాయి. ఆ మందు ఉన్నన్నాళ్ళూ కట్టేవాళ్ళు పెరుగుతారు, బతుకుతారు. కూల్చేవాళ్ళు అదుపులో ఉంటారు. అది పోతే..."

మిగతాది ఇమ్మానుయేలు మేస్త్రి అన్నాడు. "కూల్సీవోల్లు పన్లోకొస్తన్నారు, కట్టీవోల్లు మానేసినారు. అంతేనా తల్లీ?"

"అంతే."

 స్వర్ణక్క అడిగింది. "నువ్వు మూడు రోజులకోపాలి మారుస్తావే, ఆ సీసాలు నేను కడుగుతాను, అదేనా?"

"అదే."

"ఎలకపిల్లలకి పోస్తన్నాది?"

 మూడు రోజులకోసారి తప్పకుండా ఆ కణాలకి నేను పోసిన చుక్క, పదిహేడేళ్ళుగా ఆమె ఒంటికి లేదు. ఆ సీసాలు కడిగినదీ ఆమే. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. ఆమె మొహం మరోలా మారింది.

"రేఖమ్మా, ఇయ్యాల ఏ వారం?"

"శుక్రవారం."

"సోమారం మా పద్దూకి ఆపరేసను."

పద్మజకి అప్పటికి ఇరవై మూడేళ్ళు. కొత్తవలసలో కాపురం, ఇద్దరు పిల్లలు. పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట. అక్కడ ఒక నర్సింగుహోములో సంచి పాడైంది, తీసేయాలన్నారు. ఆ పిల్ల భయపడి తల్లికి ఫోన్ చేస్తే, ధైర్యం చెప్పింది తల్లే. నేను తీయించుకోలేదా, నాకేమైంది, సుఖపడతావు అని. డబ్బు కట్టి తేదీ ఖాయం చేయించింది కూడా ఆమే. ఆ సాయంత్రం ఫోన్ చేసి వద్దంటే పద్మజ విసుక్కుంది. ఒకనాడు ఎల్లమంటావు, ఒకనాడు మానమంటావు, నీ సెయ్యి ఇరిగిందని నాకెందుకే బయం పెడతావు అని పెట్టేసింది.

మర్నాడు ప్యాసింజరు బండిలో ఇద్దరం బయల్దేరాం. స్వర్ణక్క కుడి చేతికి సిమెంటు కట్టు. ఒడిలో గుడ్డలో చుట్టిన రెండు గాజు పళ్ళేలు. రంగు వేసి ఆరబెట్టినవి, ఒకటి ఎర్రది, ఒకటి వెలిసినది. అవి నన్ను అడిగి తీసుకుంది. చూపిస్తే కూతురు నమ్ముతుందని ఆమె ఆశ. కొత్తవలసలో దిగి పద్మజ ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. డాక్టరు సోమవారం ఊళ్ళో ఉండడట, ఆపరేషన్ ఆ సాయంత్రానికే మార్చారట. పక్కింటావిడ చెప్పింది.

స్వర్ణక్క పరిగెత్తలేదు, పరిగెత్తే ఒళ్ళు కాదది. కానీ ఆమె పక్కన నడవడానికి నేను పరిగెత్తాల్సి వచ్చింది.

నర్సింగుహోములో పద్మజ మంచం మీద ఉంది, ఆసుపత్రి గౌనుతో. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు. పక్కన అత్తగారు పిల్లల్ని పట్టుకుని కూర్చుంది. స్వర్ణక్క గుడ్డ విప్పి పళ్ళేలు చూపించింది. నేను వివరించాను. ఎంత బాగా వివరించానంటే మా గైడుగారు వింటే మెచ్చుకునేవారు. అక్కడ ఎవరూ మెచ్చుకోలేదు.

"ఎలకల ఎముకలతోటి మనకేటి వదినా? డాట్రుబాబు సెప్పినాడు కదా, ఉంచితే పేనానికే ముప్పని" అంది అత్తగారు. ఆవిడ చెడ్డది కాదు. కోడలు బతకాలనే ఆవిడ తాపత్రయం.

పద్మజ పళ్ళేల వైపు చూడనైనా చూడలేదు. "నువ్వే కదే సెప్పినావు, నాకేటి అవ్వలేదని. ఇన్నేళ్ళూ ఊరందరికీ సెప్పినావు. ఇప్పుడు ఇలాగొచ్చి..."  పాపం ఆ పిల్లకి నొప్పి. నొప్పి పోతుందని ఎవరు చెప్తే వాళ్ళే దేవుడు.

నర్సు వచ్చి టైమైందంది.

స్వర్ణక్క పళ్ళేలు కిటికీలో పెట్టేసింది. చెప్పులు విప్పింది. "పద్దూ, మంచం దిగు" అంది.

"ఎందుకే?"

"దిగమన్నాను కదే. నా పక్కన నిలబడు. ఒక్కపాలి. తరవాత నీ ఇష్టం."

పద్మజ దిగింది. గోడకి వీపు ఆనించి ఇద్దరూ నిలబడ్డారు. పద్మజ ముందు విసుగ్గానే ఉంది. తర్వాత పక్కకు చూసింది. తల్లి మొహం కోసం చూస్తే, పాపిడి కనిపించింది. చెయ్యి పైకెత్తి తల్లి నెత్తి మీద అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి, తన వైపు జరిపింది. ఆ చెయ్యి వచ్చి చెవి దగ్గర తగిలింది. నాన్న రసమట్టం పెట్టినట్టే మళ్ళీ పెట్టింది. మళ్ళీ చెవి దగ్గరే.

"అమ్మా, మనిద్దరిదీ ఒకే గీత కదే."

"అవునే."

"వంగి నిలబడ్డావేటి?"

"నేదమ్మా. ఉన్నంత ఇదే."

పద్మజ తల్లి భుజాలు పట్టుకుని వెనక్కి నెట్టి నిటారుగా నిలబెట్టాలని చూసింది. కుదరలేదు. వీపు మీద చెయ్యి వేసి, మెడ కింద పొడుచుకొచ్చిన గూనిని తడిమింది. అంతవరకూ అది తన కంటపడలేదు. నాలుగేళ్ళలో ఆ తల్లి వచ్చినప్పుడల్లా వంటింట్లో వంగి ఉండేదో, మనవల్ని ఎత్తుకుని కూర్చుని ఉండేదో. కూతురి పక్కన తీరుబడిగా నిలబడింది ఎప్పుడు?

"ఇది ఎప్పట్నించే?" అంది పద్మజ.

"నాకేటి తెల్సు. నన్ను నేను ఎప్పుడు సూసుకున్నాను?" అంది స్వర్ణక్క. "నీకు అబద్దం సెప్పాలని సెప్పనేదే. నాకు తెల్సింది అంతే. నిన్న తెల్సినాది, ఇయ్యాల వచ్చినాను."

పద్మజ గోడకి ఆనుకునే కిందికి జారి కూర్చుని ఏడ్చింది. అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరికి లేచి కోడలి చీర అందించింది. నర్సు అరుస్తూనే ఉంది. నేను నర్సుతో గొడవ పడ్డాను. ఆ గొడవ ఇక్కడ రాయను గానీ, నా జన్మలో నేను సద్వినియోగం చేసిన కోపం అదొక్కటే.

సోమవారం విజయనగరంలో మరో డాక్టరమ్మకు చూపించాం. పరీక్షలు చేయించి, ఇది ఇన్‌ఫెక్షన్, మాత్రలతో పోతుంది అంది. మాత్రలతోనే పోయింది. నిజంగా సంచి తీయాల్సిన జబ్బులు లేకపోలేదు, అలాంటప్పుడు తీయాల్సిందే, కానీ ఇంత చిన్న వయసులో అండాశయాల జోలికి కారణం లేకుండా వెళ్ళకూడదు అని కూడా చెప్పింది. స్వర్ణక్క ఆ మాటలు రెండుసార్లు చెప్పించుకుని, సీసా తొలిచినంత శ్రద్ధగా కంఠతా పట్టింది.

తిరుగు బండిలో నన్ను అడిగింది. "ఆ మందు ఇప్పుడు నాకు పోస్తే ఎముకలు తిరిగి కడతాయా రేఖమ్మా?"

నా దగ్గర నాలుగేళ్ళ చదువుంది. ఆమె కోరిన జవాబు లేదు. అరిగిపోకుండా కొంత ఆపే మందులున్నాయి, డాక్టరు రాస్తాడు, వాడాలి, కానీ చితికిన పూసలు మళ్ళీ నిలబడవు అన్నాను. ఆమె తల ఊపి కిటికీ వైపు తిరిగింది. పొందూరు దాటాక మళ్ళీ నోరు విప్పింది.

"మిగతా ఆరుగురి కాయితాలు కూడా సదివి పెట్టు. ఆల్లని తీసుకెల్లింది నేనే."

నెలలో రెండు ఆదివారాలు చర్చి అయ్యాక పలాస వైపు వెళ్ళేవాళ్ళం. ఒకరి కాగితం పోయింది. ఒకామె అప్పటికే లేదు. తుంటి ఎముక విరిగి, మంచానపడి, ఆరునెలలకు పోయింది. నలభై ఏడేళ్ళకు. మిగతా నలుగురి కాగితాల్లోనూ అదే వరుస. చదివిన ప్రతిసారీ స్వర్ణక్క వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని తప్పు ఒప్పుకుంది. ఒకామె తిట్టింది. ముగ్గురు తిట్టలేదు. తిట్టిన చోటే నయంగా ఉందని నాతో అంది. అందర్నీ ఎముకల డాక్టరు దగ్గరికి పంపేదాకా ఊరుకోలేదు.

మరుసటేడు ఒక పొద్దున దగ్గుతుండగా ఆమె వెన్నులో మరో పూస చితికింది. ఇక ల్యాబుకి రాలేదు. ఆమె జాగాలో వచ్చినవాళ్ళు మంచివాళ్ళే గానీ, నా కణాలు రెండుసార్లు సబ్బుకి చచ్చాయి.

2018 క్రిస్మస్‌కి వాళ్ళింటికి వెళ్ళాను. డాక్టరేటు వచ్చి అప్పటికి ఏడాది. పద్మజ పిల్లలతో వచ్చి ఉంది. మేస్త్రి మనవల్ని ద్వారబంధానికి నిలబెట్టి గీతలు గీస్తున్నాడు. పిల్లల గీతలు నిరుటి కంటే పైకి పోయాయి. స్వర్ణక్కని కూడా కొలుస్తారట ఏటా, డాక్టరు అడుగుతాడని. ఆమె ద్వారబంధం పట్టుకుని నిలబడింది. మేస్త్రి గీత గీశాడు. నిరుటి గీతకి రెండు వేళ్ళు కింద.

"నాది దిగితే దిగనీ రేఖమ్మా. దాన్ని సూడు" అంది స్వర్ణక్క.

పద్మజ చెప్పులు విప్పి నిలబడింది. మేస్త్రి రసమట్టం పెట్టాడు. పెళ్ళినాటి గీత దగ్గరే బుడగ నడిమధ్య నిలిచింది. కొత్తగా గీయాల్సిన పని లేక మేస్త్రి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. అది ఒకప్పుడు ఇద్దరి గీత.